ఎర్రగుడ్డ కట్టిన డబ్బా

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా నాన్న చర్చిలో పెద్ద. చీకట్లో ఏదో కనబడిందని ఎవరైనా అంటే, ముందు కళ్లు చూపించుకోమనేవాడు. నేనూ ఆయన కూతుర్నే. కానీ పట్టపగలు, తిరువూరు బజార్లో, అంతమంది ఆడవాళ్ల మధ్య జరిగింది మాత్రం ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

డెబ్బైల్లో కిరసనాయిలుకి కటకటలాడిన రోజులవి. రేషన్ డిపోకి ఆయిల్ వచ్చిందంటే తెల్లారేసరికి డబ్బాలు వరస కట్టేవి. మనుషులు నిలబడక్కర్లేదు, డబ్బా నిలబడితే చాలు. అది పెట్టి ఏ కొట్టు నీడనో కూర్చోవచ్చు. ఒకరి డబ్బా ఇంకొకరు కదపకూడదు. కదిపితే జుట్లు పట్టుకునేవాళ్లు. పదింటికి తీస్తామన్న డిపో పదకొండయినా తీసేవాళ్లు కాదు. పేరుకే నేను శాంతమ్మని. అలా కూర్చోబెడితే ఒళ్లు మండిపోయేది.

అసలు నా మంట వరస మీద కాదు, మా తోడికోడలు సుశీల మీద. నాకు పెళ్లయి ఎనిమిదేళ్లు, చేయించని ప్రార్థన లేదు. తను మా ఇంటికొచ్చి రెండేళ్లు కాలేదు, అప్పటికే నిండు నెలలు. నా వెనకొచ్చిన మనిషి నన్ను దాటి ముందుకు పోయింది. పోనీ చెడ్డదా అంటే అదీ కాదు. "అక్కా, అక్కా" అంటూ నా వెనకే తిరిగేది. తన పొట్ట చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. దాచుకోవడమెందుకు, అది అసూయే.

అప్పటికి ముసురు పట్టి వారం. కట్టెలు తడిసి, పొయ్యి రాజేస్తే పొగే. ఒకే వాకిట్లో ఉన్నా మావి వేరు కాపురాలు, వేరు కార్డులు. ఆ ఉదయం మా అత్తగారు రెండు డబ్బాలూ నా చేతికిచ్చింది.

"సుశీలది ముందు పెట్టవే. నీదేముంది, నువ్వూ మీ ఆయనేగా" అంది.

ఆ మాట దారంతా నన్ను పొడుస్తూనే ఉంది. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయని సుశీల తనదానికి ఎర్రగుడ్డ కట్టింది. నా డబ్బా వరసలో పెట్టాను. తనది చంకన పెట్టుకుని, ఇంకో ఇరవైమంది వచ్చేదాకా ఆగి, అందరి వెనకా పెట్టాను. దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఎదురుగా ఉన్న దర్జీ మస్తాన్ గారి కొట్లో, పిగిలిన సంచి కుట్టించుకుందామని కూర్చున్నాను. కాసేపటికి చూద్దును కదా, ఎర్రగుడ్డ డబ్బా నా డబ్బాకి ముందుంది. ఎవరో పొరపాటున జరిపారనుకుని, వెళ్లి మళ్లీ చివర పెట్టి వచ్చాను. మస్తాన్ గారు సంచి కుట్టడం పూర్తిచేశారు. తలెత్తి చూస్తే ఎర్రగుడ్డ మళ్లీ నా ముందే ఉంది. అప్పటికే డిపో తలుపు తీశారు.

పరుగున పోయాను. నా వెనక డబ్బా ఆదెమ్మది, ఎ.కొండూరు నుంచి వచ్చి మా పేటలో ఉంటున్న పెద్దావిడ.

"ఇది ఎవరు జరిపారు పెద్దమ్మా?" అని గట్టిగా అడిగాను.

"నువ్వేగా తల్లీ! రెండుసార్లూ నువ్వే తెచ్చి పెట్టావు. నిండు మనిషిది, ముందుండనీయండని మమ్మల్ని బతిమాలావు కూడానూ. లేకపోతే మేం ఊరుకుంటామా?"

పక్కనున్న ఇద్దరూ తలూపారు. ఇదే పచ్చచీర, కొంగు నెత్తిన కప్పుకున్నావు అన్నారు. నేను మస్తాన్ గారిని కేకేసి అడిగాను. "రెండోసారి వచ్చి కూర్చున్నాక మీరు లేవలేదమ్మా. నేను సంచి కుట్టినంతసేపూ డీలర్ని తిడుతూనే ఉన్నారు" అన్నారాయన.

సుశీల డబ్బాలో ఆయిల్ పోశారు. నా డబ్బా అందించేసరికి డీలరు పీపా వంచి చూసి, అయిపోయిందన్నాడు. దారిలో ఆ ఆయిల్ నా డబ్బాలోకి ఒంపుకుందామనుకున్నాను. మూత తీసి, మళ్లీ బిగించేశాను.

ఇంటికెళ్లేసరికి సుశీలకి నొప్పులు. నర్సమ్మ వచ్చి వేడినీళ్లు అడుగుతోంది, పొయ్యి మండటం లేదు. స్టవ్వులో ఆయిల్ పోసి నేనే నీళ్లు కాచాను. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు, ఒళ్లు చల్లగా ఉంది. నర్సమ్మ ఒళ్లంతా రుద్ది, వేడినీళ్ల సీసాలు గుడ్డల్లో చుట్టి పక్కన పెట్టించింది. చాలాసేపటికి కెవ్వుమంది. ఆ స్టవ్వు వెలక్కపోతే బిడ్డ దక్కేది కాదని నర్సమ్మే చెప్పింది.

డిపో దగ్గర సంగతి ఆదెమ్మ చర్చిలో అందరికీ చెప్పింది. సుశీల నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ జరిపింది నేను కాదని ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ నమ్మలేదు, అణకువ అనుకున్నారు. బిడ్డకి నా పేరే పెట్టారు.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది. పెద్దమ్మా అంటూ వచ్చి నా చేతులు తీసుకుని ముద్దుపెట్టుకుంటుంది. సుశీల మీద నాకు ఏ మంటా మిగల్లేదు. ఆ రోజు నా చీరలో వచ్చిన మనిషి ఎవరో నాకు తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. కానీ ఆ పిల్ల ముద్దుపెట్టుకున్న ప్రతిసారీ ఆ పచ్చచీర దాని మీద నాకు ఒళ్లు మండుతుంది. ఆ ముద్దు నాది కాదు, దానిది.