సగమైనా తగ్గాలి

ఊళ్ళో కారు నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు పట్టుకున్నవాళ్ళు కంగారులో గోడ మీదికో మనిషి మీదికో తోలబోతే, పక్కనున్నవాళ్ళు అది తొక్కి గండం గట్టెక్కించాలి. దాన్ని ఆమె తొక్కినంత చురుగ్గా ఇంకెవరూ తొక్కలేరని పేరు. అలా బ్రేకక్క అయింది. నలభై దాటిన మనిషి. గొంతు గట్టిది. "భయపడితే పడండి గానీ కళ్ళు మాత్రం మూసుకోకండి" అని మొదటి రోజే చెప్పేది.

ఆ రోజు స్టీరింగు ముందు కూర్చున్నది రిటైరైన లెక్కల మాస్టారు. ఫ్లైఓవర్ సగం ఎక్కాక ట్రాఫిక్ ఆగింది. మళ్ళీ కదలాల్సినప్పుడు మాస్టారు క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. ఇంజను ఆగిపోయి కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక సిమెంటు లారీ ఉంది. బ్రేకక్క కాలు బ్రేకు మీద లేదు. కాసేపటి నుంచి ఆమె రెండు అరచేతులూ సీటుకి ఆనించి, ఒంటి బరువంతా చేతుల మీద వేసుకుని, సీటుకి కాస్త ఎత్తున వేలాడుతోంది. పాదాలు వెనక్కి ముడుచుకుని ఉన్నాయి.

మాస్టారు "అమ్మా, అమ్మా" అనేసరికి దబ్బున కూలబడి తొక్కింది. లారీ బంపరుకీ కారుకీ మధ్య చెయ్యి దూరేంత సందు మిగిలింది.

కూలబడినందుకు అడుగు నుంచి లేచిన మంట గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి, లారీవాడి తిట్లు పూర్తయ్యేదాకా ముందుకే చూస్తూ ఉండిపోయింది.

"తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మీరు సీటు మీద లేరమ్మా. గాల్లో ఉన్నారు" అన్నాడు మాస్టారు మెల్లిగా.

"నడుం నొప్పి సార్."

అది నడుం నొప్పి కాదు. మూడేళ్ళుగా అందరికీ అలాగే చెబుతోంది. నొప్పి ఉన్నది నడుములో అయితే చెప్పుకోవడానికి ఇబ్బందేముంది? అది కాళ్ళ మధ్య, మనిషి కూర్చునే చోట, లోపల ఎక్కడో ఉంది. నిలబడితే సెగలా ఉండేది. కూర్చుంటే గాజుపెంకు మీద కూర్చున్నట్టు ఉండేది. బాత్రూముకి వెళ్ళి వచ్చాక గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. భర్త పక్కన పడుకోవడం కూడా మెల్లమెల్లగా తగ్గిపోయింది. ఆయన ఎందుకని అడగలేదు, ఆమె ఇందుకని విడమరచి చెప్పలేదు. ముళ్ళ మీద కూర్చున్నట్టుందని జనం మాటవరసకి అంటుంటారు. ఆమెకి ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది.

ఇంట్లో అత్తగారు ఊరుకునే మనిషి కాదు. రోజూ సాయంత్రం కోడలిని బోర్లా పడుకోబెట్టి నడుముకి ఘాటైన మందు రాసేది. నొప్పి లేని నడుము భగ్గుమంటుంటే బ్రేకక్క "హాయిగా ఉంది అత్తయ్యా" అనేది.

ఆడవాళ్ళ డాక్టరు చూసింది, ఎముకల డాక్టరు చూశాడు, స్కానింగులు అయ్యాయి. అందరూ అంతా బాగుందన్నారు. బాగుందన్న ప్రతిసారీ ఆమెకి ఏడుపొచ్చేది. ఒకాయన ఇచ్చిన మాత్రలు కాస్త పనిచేశాయి గానీ, వాటితో ఎదురుగా వచ్చే బస్సు కూడా మసగ్గా, దూదిలా కనపడేది. మానేసింది. ఆ తర్వాత పంటి బిగువున నెట్టుకొస్తోంది. ఫ్లైఓవర్ మీద తన కాలు ఆలస్యమయ్యాక మాత్రం భయపడింది. తనొక్కతే పోతే ఒక మాట. పక్కన ఇంకో ప్రాణం ఉంది కదా.

పెద్దాసుపత్రిలో నొప్పుల డాక్టరమ్మ చాలాసేపు ప్రశ్నలే అడిగింది. "కూర్చుంటే ఎక్కువ, లేస్తే తక్కువ. టాయిలెట్ సీటు మీద మాత్రం అంత ఉండదు. అవునా?"

బ్రేకక్క ఉలిక్కిపడి తలూపింది. టాయిలెట్ సీటు సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకి పిచ్చేమోనని అనుకునేది.

"అక్కడికి వెళ్ళే నరం ఒకటుంది. అదే నొప్పి పుట్టిస్తోంది. స్కానింగులో కనపడకపోయినంత మాత్రాన లేనట్టు కాదు" అంది డాక్టరమ్మ.

నరం దగ్గర ఇచ్చిన ఇంజెక్షన్లు కొద్ది గంటలే నిలిచాయి. కసరత్తులు చేయించారు, గుణం కనపడలేదు. చివరికి డాక్టరమ్మ తీగ సంగతి చెప్పింది. వెన్నెముక దగ్గర సన్నటి తీగ పెడతారు. దాంట్లోంచి చిన్న చిన్న కరెంటు పోట్లు వెళ్ళి నొప్పి కబురును తగ్గిస్తాయి. అయితే ముందు ట్రయల్. తీగ లోపల, బ్యాటరీ బయట, కరెంటు ఎక్కువ తక్కువ చేసుకోవడానికి చేతిలో రిమోటు. వారం పాటు వంగకూడదు, చేతులెత్తకూడదు, కారెక్కకూడదు.

"సగమైనా తగ్గాలి. తగ్గితేనే బ్యాటరీ కూడా లోపల పెడతాం. లేకపోతే తీగ లాగేస్తాం. మీరు ఉన్నదున్నట్టు చెప్పడం ముఖ్యం."

సగమైనా తగ్గాలి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే దారంతా, తీగ పెట్టించుకుని పక్కకి తిరిగి పడుకున్న రాత్రంతా ఆ మాటే ఆమె చెవిలో తిరిగింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున నర్సు ఫోన్ చేసేది. "నొప్పి పదిలో ఎంతుందండీ?"

కరెంటు తొడల్లో జుమ్మంటోంది, అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది. మంట ఉన్న చోటికి మాత్రం రాలేదు. మంట ఎప్పటిలాగే ఎనిమిది. రిమోటు నొక్కి పెంచితే కాలు ఎగిరిపడుతోంది గానీ మంట తగ్గడంలేదు. ఆమె "ఆరు" అంది. తర్వాతి రోజు "అయిదు". ఆ తర్వాత "నాలుగు" అంది. నర్సు సంతోషించింది. బ్రేకక్క ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర నిలబడింది.

ఆ సాయంత్రం భర్త పని నుంచి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. మాటలు తక్కువ. చేతులు కడుక్కుని వచ్చి, వంటింటి గట్టుకి ఆనుకుని టీ తాగుతున్న భార్యని కాసేపు చూశాడు.

"నర్సుకి నాలుగన్నావంట. అమ్మ చెప్పింది."

"అవునండీ."

"నిలబడే తింటున్నావు. టీవీ కూడా నిలబడే చూస్తున్నావు. ఆ తీగ పెట్టినప్పటి నుంచి నువ్వు కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు."

"అలవాటైపోయింది."

"అయితే ఇప్పుడు కూర్చో."

ఆయన కుర్చీ లాగి ముందు పెట్టాడు. గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకి ఎక్కువ భయం వేసింది. కప్పు పక్కన పెట్టి కూర్చుంది. నవ్వడానికి చూసింది. ఎదురుగోడ మీద గడియారం ముల్లు కదులుతోంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముల్లు ఇంకాస్త కదిలింది. అరచేతులు వాటంతటవే కుర్చీ అంచు పట్టుకుని ఒంటిని పైకి లేపాయి.

"లోపల పెట్టించేసుకున్నాక తగ్గకపోతే అప్పుడేం చెబుతావు?" అన్నాడాయన.

"అసలేం లేకపోవడం కంటే ఏదో ఒకటి లోపలుంటే నయం కదండీ." చెప్పేసి ఆమె వెక్కిళ్ళు పెట్టింది. "ఇది కూడా కాదంటే ఇంక నాకేముంది? డాక్టరమ్మ కూడా వద్దంటే ఎవరి దగ్గరికి పోవాలి?"

ఆయన ఆమెని లేపి నిలబెట్టి భుజం పట్టుకున్నాడు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"కూర్చుంటే నొప్పేమిటి? నడుము కాదా?" అంది.

బ్రేకక్క తల అడ్డంగా ఊపింది.

"మూడేళ్ళు నీ నడుము తోలూడిపోయేలా రాశాను కదే" అంటూ కోడలి పక్కకి వచ్చింది. కొడుకు వైపు తిరిగి "నువ్వు కాసేపు అవతలికి పో" అంది. ఆయన వెళ్ళాక గొంతు తగ్గించి "ఎక్కడో చెప్పు. నేనూ ఆడదాన్నే, ముగ్గుర్ని కన్నాను" అంది.

బ్రేకక్క చెప్పింది. అత్తగారు అంతా విని, "మరి కారులో ఎలా కూర్చుంటున్నావే?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున నర్సు ఫోన్ రాకముందే తనే చేసింది. "ఎనిమిదండీ. మొదటి నుంచీ ఎనిమిదే." డాక్టరమ్మ కోప్పడలేదు. రమ్మని తీగ తీసేసింది. తీస్తున్నప్పుడు నొప్పి లేదు గానీ, ఆ సన్నటి తీగ ట్రేలో పడి ఉంటే చూడలేక బ్రేకక్క మొహం తిప్పుకుంది.

"ఇది మీ ఒంట్లో పెట్టేసి ఉంటే, ఇంకో చోట ప్రయత్నించే దారి కష్టమయ్యేది. ఇంకో చోటుంది. కానీ గ్యారంటీ నేను ఇవ్వలేను" అంది డాక్టరమ్మ.

ఆ ఇంకో చోటు వెన్నెముక అడుగున, కూర్చుంటే కుర్చీకి ఆనే ఎముకకి కాస్త పైన. కొన్ని నెలలు ఆగాల్సి వచ్చింది. ఈసారి బల్ల మీద బోర్లా పడుకుని మెలకువగానే ఉంది. తలపక్కన ఒకతను మిషను తిప్పుతున్నాడు. చుట్టూ నలుగురైదుగురు, సగం మంది మగవాళ్ళే.

"ఎక్కడ తెలుస్తోందో చెప్పండి" అంది డాక్టరమ్మ వెనక నుంచి.

"బొటనవేలు."

తీగ కదిలింది. "ఇప్పుడు?"

"పిక్కలో."

"ఇప్పుడు?"

ఇన్నేళ్ళూ మంట తప్ప ఇంకేమీ తెలియని చోట సన్నగా జలజలమంటోంది. గది అంతా ఆమె మాట కోసం ఆగింది. ఆ చోటు పేరు మగవాళ్ళ ముందు ఎన్నడూ పలకలేదు. పలికింది. "సరిగ్గా అక్కడే" అంది.

ట్రయల్ నడిచిన ఆ వారం ఆమె తన మాట తనే నమ్మలేకపోయింది. అయిదని అనిపిస్తే ఆశకొద్దీ అంటున్నానేమోనని రెండుసార్లు కూర్చుని లేచేది. భర్త ఎదురు కుర్చీలో ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఆమె చేతుల్నే గమనించేవాడు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నర్సుకి "నాలుగు" అని చెప్పినప్పుడు అత్తగారు ఫోన్ దగ్గరికి వంగి "నిజంగానే నాలుగమ్మా, నేను చూస్తూనే ఉన్నా" అని అరిచింది.

బ్యాటరీ లోపల పెట్టారు. పిరుదు పైభాగంలో, చర్మం కింద, చేత్తో తడిమితే అగ్గిపెట్టెలా తగిలేది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "అది నడుస్తుండగా స్టీరింగు పట్టొద్దు. మీ పక్కసీటు బ్రేకూ అంతే. ఒక్కోసారి ఒళ్ళు మెలిక పడితే కరెంటు జివ్వుమంటుంది. కారెక్కేముందు ఆపేయండి."

మొదట్లో ఆపేసేది. ఆపితే కాసేపటికి మంట మెల్లగా తిరిగొచ్చేది. సుఖం కారు బయటే ఉండిపోయేది. ఒకరోజు ఆపలేదు. ఏమీ కాలేదు. ఆ తర్వాత ఆపడం మానేసింది.

పూల వ్యాను తనే నడుపుకోవాలని కారు నేర్చుకుంటున్న పూలకొట్టావిడతో ఒకరోజు మార్కెట్టు వీధిలో వెళ్తోంది. సందులోంచి స్కూటరు దూసుకొచ్చింది, వెనక ఒక ఆడమనిషి. బ్రేకక్క నడుము మెలిపెట్టి కుడికాలు ఈడ్చి తొక్కింది. తొక్కీ తొక్కగానే లోపల ఏదో తెగినట్టు జివ్వున కరెంటు తొడలోంచి పాదంలోకి దిగింది. పాదం దానంతటదే ఎగిరి బ్రేకు మీద నుంచి జారిపోయింది. మళ్ళీ పెట్టాలని చూసింది. కాలు తన మాట వినలేదు. స్కూటరు వెనక ఉన్న ఎర్రలైటు కారు ముందు అద్దం నిండా కనపడింది.

కారు ఆగింది. తొక్కింది పూలకొట్టావిడ.

స్కూటరు వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. పూలకొట్టావిడ స్టీరింగు వదలకుండా "మీరు తొక్కుతారనే అనుకున్నాను అక్కా" అంది. "తొక్కలేదేమో అనిపించి తొక్కేశాను."

"మంచి పని చేశారు." బ్రేకక్క రిమోటు తీసి ఆపేసింది. కారు దిగి, దుకాణం మెట్టు పట్టుకుని నిలబడింది.

ఎక్స్‌రేలో తీగ పక్కకి జరిగినట్టు తేలింది. మళ్ళీ బల్ల, మళ్ళీ "ఇప్పుడెక్కడ?" అన్న ప్రశ్నలు. ఆపకుండా కారెక్కానని ఈసారి తనే ముందు చెప్పింది. డాక్టరమ్మ అది కాగితం మీద రాసుకుంది. తీగ దాని చోటికి వచ్చింది గానీ ఫలితం మొదటంత రాలేదు. మంచి రోజున నాలుగు, చెడ్డ రోజున ఆరు. వాన ముసురు పట్టిన రోజుల్లో ఏడు కూడా. అది ఇంకా తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు.

స్కూలు ఓనరు దగ్గరికి వెళ్ళి, ఇంక రోడ్డు మీద పక్కసీట్లో కూర్చోనని చెప్పింది. జీతం తగ్గుతుందన్నాడు. తగ్గనివ్వమంది. గేటు లోపలి మైదానంలో, కొత్తవాళ్ళకి వెనక్కి తోలడం, పార్కింగు పెట్టడం, నిలబడి నేర్పే పని తీసుకుంది. కారు పక్కనే నడుస్తూ కేకలేస్తుంటే వీధి చివరి దాకా వినపడేది. స్టీరింగు ముందున్నవాళ్ళు తప్పు చేస్తే అందుకుని ఆపలేని దూరంలో నిలబడటం మొదట్లో ఆమెకి గుండె దడగా ఉండేది. తర్వాత్తర్వాత ఆ దడ కొంచెం తగ్గింది, మొత్తం పోలేదు.

ఆ చలికాలంలో పక్క ఊళ్ళో ఉన్న అక్కని చూడటానికి భర్తతో బస్సెక్కింది. ఇన్నేళ్ళూ బస్సు ప్రయాణమంటే ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునేది. అక్క కూడా అలిగి పిలవడం మానేసింది. కిటికీ పక్క సీట్లో కూర్చుంది. పొలాలు అయిపోయి ఫ్యాక్టరీ గోడలు మొదలయ్యేదాకా కూర్చుంది. అక్కడికొచ్చేసరికి మంట మొదలైంది. రిమోటు రెండు మెట్లు పెంచి చూసింది. ఇంకాసేపు కూర్చుంది. ఇక లాభం లేదని లేచి కడ్డీ పట్టుకుని నిలబడింది.

"ఖాళీ సీటుంది కదమ్మా, ఎందుకు నిలబడ్డారు?" అన్నాడు కండక్టరు.

భర్త నోరు తెరవబోయాడు. నడుం నొప్పని ఆయన నాలుక చివర దాకా వచ్చినట్టుంది.

"కింద నరానికి జబ్బు బాబూ. కూర్చునే చోట. ఇంతసేపే కూర్చోగలను" అంది ఆమె, మామూలు గొంతుతో. ఆమె మామూలు గొంతు బస్సు వెనక సీటు దాకా వెళ్తుంది.

కండక్టరు టిక్కెట్ల సంచీలోకి చూసుకున్నాడు. ముందు సీట్లో ఎవరో వెనక్కి తిరిగి, వెంటనే ముందుకి తిరిగారు. తర్వాతి స్టాపులో చంటిబిడ్డతో ఒకామె ఎక్కి, బ్రేకక్క ఖాళీ చేసిన సీటు చూపించి "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"ఎవరూ లేరు, కూర్చో తల్లీ" అంది బ్రేకక్క, బిడ్డ తలకి కడ్డీ తగలకుండా చెయ్యి అడ్డం పెడుతూ.