బాయిలర్‌కు నీటి పరీక్ష

ఈ మాట గొంతు దాకా రావడం, నేను మింగేయడం ఇన్నేళ్లుగా అలవాటైపోయింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాం. నేనొక రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ సూపర్‌వైజర్ని. పక్కింటి యాదగిరిది నల్గొండ వైపు, ఎల్‌బీ నగర్‌లో మెకానిక్ షెడ్డు. ఆవిరితో నడిచే చిన్న పడవ చేసి సరూర్‌నగర్ చెరువులో తిప్పాలని అతనికో పిచ్చి. పడవా, ఇంజనూ తన చేతులతోనే చేసుకున్నాడు. బాయిలర్ మాత్రం నన్ను ఎంచిపెట్టమన్నాడు.

అతని మనసు నిలువు బాయిలర్ మీద ఉండేది. బరువెక్కువ, వేడెక్కడం ఆలస్యం, కానీ నీళ్లు బాగా పడతాయి, చిన్న పొరపాటు జరిగినా తట్టుకుంటుంది. నేను ఒప్పుకోలేదు. సన్న గొట్టాల బాయిలర్ తేలిక, చిటికెలో ఆవిరి వస్తుందని వాదించాను. అది అబద్ధం కాదు. కానీ నేను ఎంచింది పాత సామాన్ల దుకాణంలో ఎన్నాళ్లుగానో పడివున్నది. "బాయిలర్ల సంగతి నాకు వదిలెయ్" అని షెడ్డులో నలుగురి ముందు గొప్పగా అన్నాను.

ఆవిరి పుట్టించే ముందు బాయిలర్‌ని నీళ్లతో నింపి, చేతి పంపుతో ఒత్తిడి పెంచి ఆపాలి. మీటరు సూది దిగకూడదు, దిగితే ఎక్కడో కారుతున్నట్టే. ఆ పరీక్ష పెట్టుకున్న రోజు బంద్. యాదగిరి ఊరేగింపుకు వెళ్లాడు. నేనొక్కడినే పరీక్ష చేశాను. సూది దిగింది. మళ్లీ పంపు కొట్టాను. మళ్లీ దిగింది. అడుగున ఒక గొట్టం మొదట్లో తడి కనిపించింది. గుడ్డతో తుడిచేశాను.

ఎందుకు తుడిచాను? నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బావుండునని ఇన్నేళ్లూ వెతుక్కున్నాను, దొరకలేదు.

సాయంత్రం యాదగిరి వచ్చి పరీక్ష అయిందా అని అడిగితే, బానే ఉందన్నాను.

చెరువులో పడవ కదిలింది. గట్టు మీద జనం ఈలలు వేశారు. యాదగిరి పొయ్యిలో కట్టెలు వేస్తున్నాడు. ముందు వైపు కూర్చుని నేను చుక్కాని తిప్పుతున్నాను. గొట్టం పగిలింది. ఆవిరంతా అతని మెడ మీద, కుడిచేతి మీద కొట్టింది. నాకేమీ కాలేదు.

దవాఖానలో అతనే మొదలుపెట్టాడు. "నీళ్లు సూస్కోలేదన్నా. పడవ పోతుందన్న సంబురంల మర్శిపోయిన. నీళ్లు ఎండి పలిగింది గొట్టం. తప్పు నాదే."

నీళ్లు ఎండలేదు. నీటిమట్టం చూపించే గాజులో సగానికి పైనే ఉన్నాయి, కళ్లారా చూశాను.

"పడుకో యాదగిరీ, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. ఆంధ్రావాడు తుప్పు బాయిలర్ అంటగట్టాడని టీ కొట్టు దగ్గర ఎవరో అంటే, యాదగిరి చేతి కట్టుతోనే వాళ్ల మీదికి వెళ్లాడట. "మా అన్ననంటే ఊకోను! నా తప్పుకు ఆయనేం జేస్తడు?" అన్నాడట. టీ కొట్టు దగ్గర ఎవరో కోపంలో అన్న మాటే అక్షరాలా నిజమని నాకొక్కడికే తెలుసు. ఆ రోజుల్లో ఒప్పుకుంటే నా ఒక్కడి తప్పు మావాళ్లందరి మీదా పడేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. రాష్ట్రం వచ్చింది, గొడవలు సద్దుమణిగాయి. మరి అప్పుడెందుకు చెప్పలేదు?

చేయి మానింది. కానీ యాదగిరి ఇప్పటికీ ఏ బండి బాగుచేసినా పక్క షెడ్డు అతన్ని పిలిచి, ఒకసారి చూడమంటాడు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. తన చేతుల మీద అతనికి నమ్మకం లేకుండా చేసింది నేను.

గొట్టం కారుతోందని నాకు తెలుసు. తెలిసే పడవ ఎక్కించాను. ఇంత రాశాక గుండె కాస్త తేలికైంది, ఆ తేలికకు సిగ్గుగానూ ఉంది. చెప్పాల్సిన మనిషి గోడ అవతలే ఉన్నాడు. మీకు చెప్పాను. అతనికి ఇంకా చెప్పలేదు.