బర్కా పుంటికూర

మా చెల్లెలి మనవడు మొన్న సోమవారం బెంగళూరు నుంచి ఫోన్ చేసి, తన స్నేహితుడితో కలిసి ఒమాన్ చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాడు. స్నేహితుడంటే ఎలాంటి స్నేహితుడో పోయిన ఏడాది ఇంటికి వచ్చినప్పుడు నా ఒక్కడికే చెప్పాడు. ఇంట్లో ఇంతమంది ఉండగా నాకే ఎందుకు చెప్పావని నేను అడగలేదు, వాడూ వివరించలేదు. ఇప్పుడు ఎక్కడెక్కడివో చదివి కంగారు పడుతున్నాడు. "తాతా, అక్కడ ఇద్దరు మగవాళ్ళం ఒకే మంచం ఉన్న గది అడిగితే అనుమానిస్తారంట. కజిన్స్ అని చెప్పమంటావా? నువ్వు ఉండొచ్చావు కదా, ఏం చెప్తే మంచిది?" నాకు ముందు నవ్వొచ్చింది. నేనున్న రోజుల్లో ఒక్క రూమ్‌లో పదకొండు మంది మగవాళ్ళం పడుకునేవాళ్ళం, చేతులు పట్టుకుని బజార్లో తిరిగేవాళ్ళం, ఇదేమిటని అడిగిన పాపాన ఎవడూ పోలేదు. తర్వాత నవ్వు పోయింది. ఆలోచించి రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను. ఆ రేపు దాటిపోయి మూడు రోజులైంది.

డెబ్బైల నడిమి సంగతి. నాకు ఇరవై రెండేళ్ళు. జగిత్యాల పక్క ఊరి నుంచి ఒమాన్ వెళ్ళి అల్ హైల్ అనే ఊళ్ళో కంపెనీ క్యాంపులో పడ్డాను. రేకుల రూములు, సముద్రం మీంచి వచ్చే జిగట గాలి, ఉతికిన బనీను పొద్దుటికి కూడా తడిగానే ఉండేది. రోజూ పొద్దున్నే లారీలో ఎక్కించి సీబ్‌లో విల్లాలు కట్టే సైట్‌కు తోలేవారు. అప్పుడు సీబ్ అంటే విమానాశ్రయం, దాని చుట్టూ సగం లేచిన గోడలు. పక్క రూమ్‌లో మలయాళీలు, ఆ పక్కన పాకిస్తానీ పఠాన్లు, వాళ్ళతో వచ్చీరాని ఉర్దూ. నేను పదో తరగతి పాసయ్యాను కాబట్టి రూమ్ మొత్తానికి ఉత్తరాలు రాసేదీ, వచ్చినవి చదివేదీ నేనే. అందరి ఇళ్ళ సంగతులూ నాకు తెలుసు. నా సంగతి మాత్రం ఎవరికీ తెలియకుండా చూసుకునేవాణ్ణి. నా మనసు ఆడపిల్లల మీదికి పోదని పదిహేనేళ్ళప్పుడే నాకు అర్థమైంది. అలాంటి గుట్టు ఒకటి కడుపులో పెట్టుకున్నవాడికి ఎదుటివాడి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూడ్డమే పని. అనుమానం నాకు అలా అలవాటైంది. ఇప్పటికీ పాలవాడు నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచిస్తాను.

మా రూమ్‌లో ఒక ప్లాస్టరింగ్ మేస్త్రి ఉండేవాడు. ధర్మపురి వైపు మనిషి, ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు. తక్కువ మాట్లాడేవాడు. అందరం అన్నా అనేవాళ్ళం. ప్రతి శుక్రవారం సెలవునాడు తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రోడ్డు మీద పికప్ ఆపి బర్కా అనే ఊరికి పోయేవాడు. సాయంత్రం పెద్ద పుంటికూర కట్టతో తిరిగొచ్చేవాడు. ఒమాన్‌లో పుంటికూర! మొదటిసారి ఆ వాసన రూమ్‌లోకి వచ్చినప్పుడు, మాలో ఒకతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. బర్కాలో ఖర్జూర తోటలున్నాయి, మనవాళ్ళెవరో గింజలు తెచ్చి వేసుకున్నారు అన్నాడు అన్న. ఎవరని అడిగితే "దోస్తు" అని ఊరుకున్నాడు.

ఆ ఎండాకాలం ఒకే వారంలో మా రూమ్ నుంచి ఇద్దర్ని వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపించారు. ఇద్దరూ రూమ్‌లో కూర్చుని సూపర్‌వైజర్ని నోటికొచ్చినట్టు తిట్టినవాళ్ళే. ఆ తిట్లు ఆఫీసుకు ఎవరు మోశారు? రూమ్‌లో అందరి చూపూ అన్న మీదికి పోయింది. దానికి రుజువు కూడా దొరికింది, అతని చేతులు. సిమెంటు పనివాళ్ళ చేతులు ఎలా ఉంటాయో చెప్పాలి. సున్నం, సిమెంటు తిని తిని వేళ్ళ సందుల్లో పగుళ్ళు పడతాయి, అన్నం కలిపితే మంట, కారం తగిలితే ప్రాణం పోతుంది. మా అందరివీ అలాగే ఉండేవి. అన్నవి మాత్రం శనివారం డ్యూటీకి వచ్చేసరికి మెత్తగా, మెరుస్తూ ఉండేవి. రూమ్‌కు పెద్దదిక్కు, ఇనుప చువ్వలు వంచే రాడ్ బెండర్ ఒకరోజు తేల్చేశాడు. "గా చేతులు సూడుర్రి. సిమెంటు ముట్టిన చేతులేనా అవి? గోడలు మనతోని పూయిస్తుండు, మన మాటలు ఆడ పూస్తుండు. పుంటికూర తెచ్చి మన నోళ్ళు మూయిస్తుండు." ఇంతా అని ఆ పుంటికూర పప్పు రెండోసారి వడ్డించుకున్నాడు.

పైగా అన్న ఈ మధ్య పుంటికూరను గోంగూర అనడం మొదలుపెట్టాడు. మా పక్క ఆ మాట ఎవరూ అనరు. "ఆంధ్రోల సోపతి పట్టిండు" అని దానికీ ఒక అర్థం తీశారు. రేషన్ ఇచ్చే క్యాంప్ బాస్ నెల్లూరు మనిషి. ఇంకేం, లెక్క సరిపోయింది.

నాకున్న అనుమానం వేరు. అంతకు నెల ముందు, నేను బావి దగ్గర బట్టలు పిండుతుంటే అన్న పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "తమ్మీ, శుక్రారం నాతోని బర్కా వస్తవా? నీకు గా జాగ మంచిగనిపిస్తది." ఆ 'నీకు' అన్న మాట నా గుండెల్లో దిగబడింది. నాకే ఎందుకు? నాలో ఏం చూశాడు? అక్కడికి తీసుకెళ్ళి నా నోటితో ఏదో చెప్పించి నన్ను పట్టిద్దామనే పిలుస్తున్నాడనుకున్నాను. తలనొప్పి అని తప్పించుకున్నాను. అతను మళ్ళీ పిలవలేదు, నేను మాత్రం అతని ముందు నుంచి నడవడం మానేశాను.

చివరికి రూమ్ అంతా కూర్చుని, చదువుకున్నవాణ్ణని నన్నే నియమించారు. వచ్చే శుక్రవారం అన్న వెంట వెళ్ళి, ఎవరిని కలుస్తున్నాడో చూసి రావాలి. కంపెనీ మనిషిని కలుస్తున్నట్టు తేలితే అతన్ని ఉమ్మడి వంటలోంచి తీసేసి, మంచం బయట పడేయాలని నిర్ణయం. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే నన్ను అనుమానిస్తారని భయం.

అతను ఎక్కిన పికప్ వెనక ఇంకో పికప్‌లో వెళ్ళాను. బర్కాలో దిగి, నీళ్ళ కాలువ గట్టున తోటలోకి నడిచాను. పంపు షెడ్డు ముందు చాప వేసుకుని ఇద్దరు కూర్చున్నారు. ఒకడు అన్న. ఇంకొకడు నలభై ఏళ్ళ మనిషి, లుంగీ, తలకు చుట్టిన తువ్వాలు, పంపు నడిపేవాడు. గిన్నెలో వెచ్చబెట్టిన నువ్వుల నూనె ముంచి అన్న చేతివేళ్ళకు ఒక్కో పగులుకూ రాస్తున్నాడు. ఒక వేలు అయ్యాక ఇంకో వేలు, తొందర లేకుండా. అన్న కళ్ళు మూసుకుని అతని భుజానికి తల ఆనించి ఉన్నాడు. అంతే నేను చూసింది. ఇంకేం చూడనక్కర్లేదు. నాకు విషయం ఒక్క క్షణంలో తెలిసిపోయింది, ఆ 'నీకు' అన్న మాట కూడా. ఇలా కూడా బతకొచ్చా అని ఏడుపు తన్నుకొచ్చింది.

ఎండుటాకు మీద నా కాలు పడితే ఇద్దరూ తలెత్తారు. అన్న లేవలేదు. "పిల్సినప్పుడు రాకపోతివి. ఇప్పుడొచ్చినవా, ఎవలు పంపిన్రు?" అన్నాడు. రెండో మనిషి మాత్రం, "రానీలే. ఎండన పడి వచ్చినాడు. కూర్చో అబ్బీ, అన్నం తిందువు" అన్నాడు. కడప మనిషి, ఇంట్లో దక్కనీ మాట్లాడే ముసల్మాను. గోంగూర ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. ముగ్గురం తిన్నాం. ఎవరం ఏమీ దాచలేదు, ఏమీ విప్పి చెప్పుకోలేదు. నా జీవితంలో భయం లేకుండా తిన్న మొదటి భోజనం అదే.

తిరిగొచ్చేసరికి రూమ్ మొత్తం నాకోసం కూర్చుని ఉంది. దారంతా ఆలోచించి ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. చేతుల సంగతి కూడా అందులో ఇమిడిపోయేలా అల్లానని లోపల గర్వం కూడా. "ఎవ్వల్ని కలుస్తలేడు. తోటల పంపు రిపేరు పని చేస్తుండు, శుక్రారం శుక్రారం. నూనెల చేతులు పెడ్తడు, గందుకే మెత్తగున్నయి" అన్నాను. మా ఊళ్ళో అయితే ఈ మాటతో కథ ముగిసేది. సెలవునాడు కూడా కష్టపడుతున్నాడని మెచ్చుకునేవారు. గల్ఫ్‌లో ఒక కంపెనీ వీసా మీద వచ్చి ఇంకొకరి దగ్గర పని చేయడం కంటే పెద్ద నేరం లేదని, రోజూ వాళ్ళకు ఉత్తరాలు రాసే నాకు తెలియదా? తెలుసు. పెద్ద గుట్టు కప్పాలన్న ఆత్రంలో మరిచిపోయాను. రాడ్ బెండర్ మొహంలో అనుమానం పోయి ఇంకొకటి వచ్చింది. "మనకు దొరకని బయటి పని వానికెట్ల దొరికింది?" అన్నాడు.

నాలుగు రోజులు తిరక్కుండానే క్యాంప్ బాస్ అన్నను పిలిపించాడు. బర్కాలో పని చేస్తున్నావా అని అడిగాడు. చేయడం లేదంటే, మరి ప్రతి వారం ఎందుకు పోతున్నావంటాడు. ఎవరిదగ్గరికంటాడు. తోట దాకా మనిషిని పంపిస్తాడు, కడప మనిషి గుట్టూ బయటపడుతుంది. అన్న గుమ్మంలో నిలబడ్డ నావంక ఒకసారి చూసి, "చేసిన. తోటోళ్ళకు తెల్వదు, నాదే తప్పు" అన్నాడు. నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకున్నాడు. క్యాన్సిల్ అయిపోయింది. చిత్రమేమిటంటే, అన్న పోయాక కూడా రూమ్ మాటలు ఆఫీసుకు చేరుతూనే ఉన్నాయి. మోసేవాడెవడో నాకు ఈరోజుకీ తెలియదు.

పెట్టె సర్దుకుంటూ అన్న నన్ను దగ్గరికి పిలిచాడు. తిడతాడనుకున్నాను. "నువ్వు మంచికే చెప్పినవ్ తమ్మీ. టికెట్ వచ్చేదాంక పది దినాలు రూవీల ఆఫీసు ఎన్క రూమ్‌ల ఉంచుతరట. నన్ను బయటికి పోనియ్యరు. నువ్వు శుక్రారం బర్కా పోయి ఆయనకు చెప్పు. ఆయనే ఆడికొస్తడు" అన్నాడు. సరే అన్నాను. చెయ్యి నా చేతిలో పెట్టాడు. అప్పటికే పగుళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

శుక్రవారం వచ్చింది. నేను చొక్కా వేసుకోగానే రాడ్ బెండర్ మంచం మీంచి, "ఎటు, బర్కాకేనా?" అన్నాడు. లేదు, ఉత్తరాలు డబ్బాలో వేసి వస్తానన్నాను. నిజంగానే వేసి వచ్చేశాను. రెండో శుక్రవారం జ్వరమని పడుకున్నాను, జ్వరం లేదు. ఆ మధ్యలోనే పది రోజులూ అయిపోయాయి. మూడోదానికి ఇక వెళ్ళి ఏం లాభం అనుకున్నాను. పిరికివాడికి కారణాలకు కొదవేముంటుంది. నాలుగో శుక్రవారం వెళ్ళాను.

పంపు షెడ్డు చూరుకు వరసగా నాలుగు పుంటికూర కట్టలు వేలాడుతున్నాయి. మూడు ఎండి నల్లబడ్డాయి. ఒకటి పచ్చిది, ఆ పొద్దున కోసింది. కడప మనిషి నన్ను చూసి నా వెనక దారి వైపు చూశాడు. ఇంకెవరూ లేరని తెలిశాక, "నా మీద అలిగినాడేమో అనుకుంటి. చివరిసారి వచ్చినప్పుడు ఏమన్నా అనరాని మాట అంటినా అని దినమ్మూ ఆలోచన చేస్తి" అన్నాడు. అంతా చెప్పాను, నా అబద్ధంతో సహా, రూవీలో పది రోజుల సంగతితో సహా. పంపు ఆపేసి వచ్చి కూర్చున్నాడు. "రూవీ గంట దూరం కాదా అబ్బీ" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. లేచి, పచ్చి కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. ఎండిన మూడూ అలాగే ఉంచుకున్నాడు.

ఆ సాయంత్రం రూమ్‌లో పప్పు వండాను. అందరూ తృప్తిగా తిన్నారు. రాడ్ బెండర్ వేళ్ళు నాక్కుంటూ, "ఇగ నువ్వు పట్టినవా బర్కా తొవ్వ?" అని నా చేతులవంక చూశాడు. నేను మళ్ళీ ఎప్పుడూ బర్కా వెళ్ళలేదు. అన్న ఊరికి కూడా వెళ్ళలేదు, మా ఊరి నుంచి బస్సులో ఎంతోసేపు పట్టకపోయినా. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక్కో అబద్ధం చెప్పాను, అన్నీ అతికినట్టు సరిపోయాయి.

ఇప్పుడు పిల్లవాడికి ఏం చెప్పను? కజిన్స్ అని చెప్పాలా వద్దా, అక్కడి చట్టాలేమిటి అన్నది నాకంటే వాడే బాగా చూసుకోగలడు. నాకు తెలిసింది వేరే ఉంది. అది విన్నాక, నాకే ఎందుకు చెప్పాడో వాడు తనంతట తనే చెప్తాడేమో, లేక అన్నలాగే వాడూ నన్ను ఎప్పుడో గుర్తుపట్టాడేమో. ఈరోజు శుక్రవారం. ఒక మనిషి కబురు కోసం నాలుగు వారాలు దారి చూస్తే ఎంత కాలమో యాభై ఏళ్ళుగా నాకు తెలుస్తూనే ఉంది, అందుకే మధ్యాహ్నం దాటకముందే వాడికి ఫోన్ చేస్తున్నాను.