జాన దాటిన పేరు

మా కంప్యూటరు మాస్టారు పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు నవ్వే వచ్చింది. కాగితాన్ని జానలతో కొలిచే ఆ మనిషి కళ్ళ ముందు నిలబడితే నవ్వు రాదూ?

రెండువేల సంవత్సరం అప్పుడే దాటిన రోజులు. అమలాపురంలో ఆయన సెంటరు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు పంపే మెయిళ్ళు మా సర్వరుకి వచ్చేవి. ప్రింటు తీసి ఇళ్ళకు అందించడం నా పని. ఎవరెవరు తలుపు తట్టారో సర్వరు రాసుకునే లాగ్‌ని ఆయన రోజూ ప్రింటు తీయించి, టిఫినైనా చేయకుండా వరస వరసా జానతో కొలిచేవారు. "పంపినోడి పేరు జాన దాటిందంటే, ఆడు ఉత్తరం రాయడానికి రాలేదమ్మా, గోడ దూకడానికొచ్చేడు" అనేవారు.

ఒకరోజు పేరుండాల్సిన చోట ఒకే అక్షరం నాలుగు వరసల పొడుగునా పడింది. ప్రింటరుకి మళ్ళీ తిక్క రేగిందనుకుని ఆ ముక్క చించి, ఉండ చుట్టి బుట్టలో పడేశాను. ఆయన ఊరుకుంటారా! బుట్ట బోర్లించి, ఉండ విప్పి, కొలిచి, సర్వరుకొచ్చే లైను పీకేశారు.

నాకు ఒళ్ళు మండింది. మా బావగారి వీసా కాగితం ఆ రోజే మెయిల్లో రావాలి. అది లేకపోతే ఎల్లుండి బొంబాయి రైలెక్కలేరు. అక్క పెట్టె కూడా సర్దేసింది.

"లైను పెట్టేయండి మాస్టారండీ! ఒక్క పేరు పొడుగైతే కొంపలేం మునుగుతాయండీ?"

"చెంబులో బిందెడు నీళ్ళు పోస్తే పొంగి పక్కనున్న పొయ్యి ఆరిపోదా? పేరుకి మనం ఉంచింది చెంబంత చోటమ్మా. ఆడు దాన్ని పొంగించి, పక్కన మన ఆజ్ఞలుండే చోట ఆడివి పెడతాడు. ఆనక సర్వరు ఆడు చెప్పినట్టే ఆడుద్ది. ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలన్నీ ఆడి చేతికే."

"మరి మా బావగారిదో?"

"మన తలుపు మూసుంటే అవతలి సర్వరు దాచుకుని మళ్ళీ మళ్ళీ తడుద్ది. ఎక్కడికీ పోదు. నా మాట నమ్మమ్మా."

నమ్మలేదు. మొండిఘటమని మొహానే అనేసి ఇంటికొచ్చేశాను. మర్నాడు పనికే వెళ్ళలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం కుండపోత వాన. మా గుమ్మంలో మాస్టారు! పొడుగు పేర్లు లోపలికి రాకుండా సర్వరుకి మరమ్మతు చేసి, లైను తగిలించి, ఉత్తరం వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదట. నిలువునా తడిసిన మనిషి, చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీసి అక్క చేతిలో పెట్టారు. కాగితం మీద చుక్క తడి లేదు.

"నా మూలంగా మీకు ఒకరోజు ఆలస్యమైందండీ. ఏమనుకోకండేం" అన్నారు అక్కతో, చేతులు జోడించి.

క్షమించమని నేను అడిగేలోపే నెత్తిన రుమాలు వేసుకుని, ఆ వానలోనే సైకిలెక్కి, గంట మోగించుకుంటూ వెళ్ళిపోయారు.