నా కూతురి ఆట, నా ప్రార్థన అవసరత

ఊపిరినీ, పరుగెత్తే కాళ్లనూ ఇచ్చిన దేవునికి స్తోత్రం. అడిగినవన్నీ ఇవ్వకుండా మమ్మల్ని కాచుకుంటున్న ఆయన కృపకు మరింత స్తోత్రం.

శనివారం సాయంత్రాలు ఈ పరాయి దేశంలో మేముండే పెండిల్ హిల్‌లో ఎవరో ఒకరి ఇంట్లో మా తెలుగు సంఘం కూడుకుంటుంది. వాక్యం అయ్యాక ప్రార్థన అవసరతలు చెప్పుకుంటాం. ఆ వారం ఒక సోదరి తన ఆపరేషన్ గురించి చెప్పింది. ఒక తమ్ముడు వీసా గురించి చెప్పాడు. నేను లేచి, "మంగళవారం మా అమ్మాయికి సాకర్ సెలక్షన్. పెద్ద జట్టులోకి రావాలని ప్రార్థించండి" అన్నాను. అందరూ మోకరించారు. పదేళ్ల నా కూతురు నా పక్కనే తల వంచుకుని ఉంది.

ఎంపిక కాలేదు. తను ఇప్పటికే ఆడుతున్న చిన్న క్లబ్బు జట్టుకు కోచ్‌ని కూడా నేనే. వేరే తల్లిదండ్రులెవరూ ఒప్పుకోకపోతే నాకు అప్పగించారు. అందుకని కారులో రెండు హోదాల్లోనూ మాట్లాడాను.

"బాల్ దగ్గరికి వస్తే వెనక్కెందుకు తగ్గావ్? ఎన్నిసార్లు చెప్పాను?"

తను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తరువాతి శనివారం గుమ్మంలోనే మొదలైంది.

"ఏమ్మా, సెలెక్టయ్యావా?" అంది ఒక ఆంటీ.

"అవలేదంటగా. పర్లేదులే తల్లీ, విశ్వాసం ఇంకాస్త పెరగాలి" అంది ఇంకో ఆంటీ.

"మేమంతా అంతసేపు మోకాళ్ల మీదుంటే నువ్వు ఒక్క గోల్ కొట్టలేకపోయావా!" అన్నాడు ఒక అంకుల్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక తను కారు దిగలేదు.

"ఐయామ్ నాట్ ప్లేయింగ్ ఎనీమోర్" అంది. "డాడీ, అవసరత అంటే?" అని అడిగింది.

"నీడ్, అమ్మా."

"బట్ ఐ డిడ్న్ట్ నీడ్ ఇట్. యూ డిడ్." నా వైపు తిరిగింది. "ఈజ్ గాడ్ అప్‌సెట్ విత్ మీ?"

ఏళ్ల తరబడి సండే స్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. అన్నిటికీ ఒక వచనం నోటికొచ్చేది. ఆ రోజు ఒక్కటీ రాలేదు. "లేదమ్మా. తప్పు డాడీది" అని మాత్రం అనగలిగాను.

మరుసటి శనివారం అవసరతల సమయంలో మళ్లీ లేచాను. "నా ఆశకు నా బిడ్డ పేరు పెట్టి దేవుని ముందుకు తెచ్చాను. నా కోసం ప్రార్థించండి" అన్నాను. ఆ అంకుల్ తల దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇదే. బిడ్డ కోసం సంఘాన్ని మోకరింపజేసే ముందు బిడ్డనే అడగండి. జవాబు రాకపోతే ఆ బరువు మోసేది ఆ చిన్న భుజాలే. కోచ్‌లకు కూడా ఒక మాట. ఆటలో జరిగిన తప్పును కారెక్కించుకోకండి.

ఇప్పుడు నా కూతురు బుధవారాలు స్నేహితురాళ్లతో పార్కులో బంతి తన్నుకుంటోంది. వచ్చే సీజన్ ఆడుతుందో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. అడగాలని నాలుక కొస దాకా వస్తుంది.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి వేడుకోండి: ప్రభువా, బిడ్డ తనంతట తాను చెప్పేదాకా ఈ తండ్రి నోటికి కాపలా ఉండు. తను వద్దన్నా, నా ముఖంలో దిగులు తనకు కనబడనీయకు. ఆమేన్.