సెట్టింగు కొండ మీద రూతమ్మ

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని ఏడిపించడం నాకు సరదా. ఆత్మకూరులో పద్దెనిమిదేళ్లుగా హైస్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. దేనికైనా కారణం అడగందే ఊరుకోను. దెయ్యాలున్నాయంటే ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మా అవ్వది, అంటే నాయనవాళ్ల అమ్మది, ఉదయగిరి. ఆమెకి పదేళ్లప్పుడు అక్కడి కొండకి సినిమావాళ్లు వచ్చి పాట తీశారు. గడ్డి కోసుకొచ్చే ఆడవాళ్లని మోపులతో అలాగే నడవమన్నారట. వాళ్లలో అవ్వ అక్క రూతమ్మ కూడా ఉంది. బాప్టిస్టు కుటుంబం కదా, సినిమాలో నడిచొచ్చిందని ఇంట్లో నానా రాద్ధాంతం జరిగింది. వారం తిరక్కముందే రూతమ్మ జ్వరంతో పోయింది. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు.

పోయినేడాది అవ్వ చూపు బాగా తగ్గింది. ఆపరేషన్ చేసినా నిలుస్తుందని చెప్పలేమన్నాడు డాక్టరు. అవ్వ బెంగ వేరే.

"మా అక్క మొహం మర్చిపోయినాన్రా. ఎంత తలుచుకున్నా రావడంలే. కళ్లు ఉండంగానే ఆ సినిమా ఒక్కసారి చూపీ" అంది.

వెతికి పట్టుకొచ్చాను. ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం, తలుపేసి టీవీలో పెట్టాను. ఆదివారం పూట సినిమా అంటే మా ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోరు. అవ్వ కుర్చీని టీవీకి మూరెడు దూరంలో వేశాను.

పాట మొదట్లో నిజం కొండ, నిజం ఎండ, మోపులెత్తుకున్న ఆడవాళ్లు. అంతా దూరం నుంచి తీశారు, ఒక్క మొహమూ తెలియలేదు. అవ్వ నిట్టూర్చింది. నాకు చాలా బాధేసింది. అంతలో మద్రాసు స్టూడియోలో తీసిన ముక్క వచ్చింది. గుడ్డ మీద గీసిన కొండ, అట్టతో చేసిన బండలు, హీరోయిన్ వెనక తళుకు చీరల్లో ఆరుగురు డాన్సర్లు. ఆ సెట్టింగు చూసి నవ్వుకున్నాను కూడా.

అప్పుడు అట్ట బండ పక్కనుంచి ఒకమ్మాయి వచ్చి గడ్డిమోపు దించింది. డాన్సర్లు ఉత్త కుండలెత్తి తాగినట్టు నటిస్తున్నారు. ఆమె మాత్రం ఆ ఉత్త కుండలోంచే దోసిట్లో నీళ్లు పట్టి, తల వంచి కళ్లు మూసుకుని, ప్రార్థన చేసుకుని తాగింది. గుక్కెడు నీళ్లకైనా మా ఇళ్లల్లో అంతే. తాగి మా వైపు తిరిగి నవ్వింది.

"అదిగోరా, మా అక్క" అంది అవ్వ.

"అది మద్రాసు గదా అవ్వా. ఆమె ఉదయగిరి దాటిందే లేదంటివే. వారానికే పోయిందంటివే" అన్నాను.

"పోయిందని నాకు తెలీదా? నువ్వు గమ్మునుండు."

పాట అయ్యాక వెనక్కి తిప్పాను. ఆరుగురు డాన్సర్లున్నారు, ఆ అమ్మాయి లేదు. ఆపి ఆపి ఏడెనిమిదిసార్లు చూశాను. ఇంకో కాపీ తెచ్చి చూశాను. ఎక్కడా లేదు. అవ్వ ఆశపడి ఊహించుకుందనే అనేవాణ్ణి, నేను కూడా చూడకపోయుంటే.

ఆపరేషన్ అయింది, చూపు రాలేదు. అవ్వ దానికి పెద్దగా దిగులు పడలేదు. కానీ వయసు కదా, మళ్లీ మరుపు. ఒక్కోసారి నన్ను పిలిచి పక్కన కూర్చోమంటుంది.

"మా అక్క నవ్వితే ఎట్టుంటదిరా?"

"కింది పెదవి కొంచెం లోపలికి పోద్ది అవ్వా."

"ఆఁ, అవును. అంతే" అంటుంది.

నేను పుట్టడానికి ముప్పయ్యేళ్ల ముందు పోయిన మనిషి. ఫొటో లేదు, సినిమాలోనూ లేదు. అయినా ఆమె మొహం గురించి అవ్వ ఏం అడిగినా తడుముకోకుండా చెబుతున్నాను.