దానిమ్మకాయకు తొడిగిన జుబ్బా

పోయిన వేసవిలో మా బాబుకు విరేచనాలు పట్టుకుని, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పోయింది. తగ్గాక డాక్టరు గారు దానిమ్మరసం పట్టమన్నారు. సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఆ పండ్లు అమ్మరు, నెల్లూరికి బస్సెక్కాలి. ఇంట్లో ఉన్నది ప్రహరీ పక్కన ఒకే ఒక చెట్టు. కాయ రంగు తిరిగితే చాలు, ఉడత బొక్క పెట్టేది.

మొదట కాగితాలు చుట్టాను. ఉప్పుగాలి తేమకు మెత్తబడి ఊడిపోయాయి. తాటాకు బుట్టలు కడితే ఆకు అంచులు కాయలను గీరాయి. చివరికి బాబుకు పొట్టివైపోయిన జుబ్బాలు తీశాను. చేతులూ కింది అంచూ కుట్టేసి, ఒక్కో కాయకు ఒక్కోటి తొడిగి, మెడ దగ్గరి నాడాను కాడకు బిగించాను. ఉడతలు వచ్చి, వాసన చూసి, వెళ్లిపోయేవి. నా కాలేజీ చదువు ఇన్నాళ్లకు పనికొచ్చిందని మావారు నవ్వారు.

కొన్నాళ్లకు, వీధిలోకి వంగిన కొమ్మకు పసుపు గుడ్డ ఒకటి కనిపించింది. నేను కట్టింది కాదు. తర్వాత ఇంకొకటి. అత్తగారి ముఖం మాడిపోయింది.

"చర్చికి పోయేవాళ్ళం అమ్మాయ్ మనం. మన చెట్టుకు మొక్కులేంది? అన్నీ విప్పెయ్."

విప్పితే కాయలు ఉడతల పాలవుతాయి. పండేదాకా ఆగమని బతిమాలాను. ఆమె బాబును భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మరునాడు ఎండుచేపలమ్మే ఆమె గంప దించి, ఆ పసుపు గుడ్డ ముడి సరిచేస్తూ కనిపించింది. చంకలో పిల్ల, ఏడాది దాటినా నిలబడదట. నేను దగ్గరికి వెళ్లి, ఇది మొక్కుల చెట్టు కాదనీ, ఉడతల భయంతో గుడ్డలు తొడిగాననీ చెప్పాను. ఆమె జుబ్బా వైపూ నా వైపూ చూసింది.

"నీ బిడ్డ కోసమే గదమ్మా కట్టినావు?"

"అవును."

"నేనూ అంతే గదా."

నేను వంగి గంపకు ఒక చెయ్యి వేశాను. ఆమె గంప ఎత్తుకుంది.

కాయలు పండాయి. ఒక జుబ్బా నాడా లాగితే లోపల పండు ఎర్రగా, ఎక్కడా గాటు లేకుండా ఉంది. అత్తగారే గింజలు ఒలిచి, గుడ్డలో పిండి, చెంచాతో పట్టారు. బాబు ఇంకా కావాలని నోరు తెరిచాడు.

మిగతా పండ్లు కోయడానికి వెళ్లినప్పుడు అత్తగారు వెంట వచ్చారు. ఏమంటారోనని నాకు భయం. వీధి వైపు కొమ్మ ఊగి పసుపు ముడి జారబోతే, నేను పండు కోసేదాకా ఆమె ఆ కొమ్మను కదలకుండా పట్టుకున్నారు.